కొత్త మిషనే, అయినా రెండోసారి కదలదు

పొద్దున ఆరున్నరకు తాడు ఒక్క గుంజు గుంజితే గడ్డి కోసే మిషను అందుకుంటుంది. ముప్పావు గంట బాగానే నడుస్తుంది. వెనక సంచి నిండిందని ఆపి, కోసిన గడ్డిని చెట్ల మొదట్లో దులిపి, మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ గుంజితే ఉలుకూ పలుకూ ఉండదు. చోక్ వేసి గుంజుతారు. చోక్ తీసి గుంజుతారు. భుజం లాగుతుంది, చొక్కా తడుస్తుంది, చుట్టూ పెట్రోలు వాసన. విసుగుపుట్టి పక్కన పడేసి, ఏ అరగంటకో వచ్చి ఆఖరిసారి అన్నట్టు గుంజితే ఏమీ ఎరగనట్టు బుర్రుమంటుంది.

హైదరాబాద్‌లో ఉప్పల్ భగాయత్‌లో కొత్తగా లాన్ వేయించుకున్న ఇళ్లలోనో, నాచారం, హబ్సిగూడ అపార్ట్‌మెంట్లలోనో తోటపని చేసేవాళ్లను ఎండాకాలంలో కదిపి చూడండి, ఈ గోడు వినిపిస్తుంది. మిషను పాతదైతే అరిగిపోయిందని సరిపెట్టుకోవచ్చు. డబ్బా విప్పి నెల కూడా కానిదానికి ఈ మొరాయింపు ఏమిటన్నదే చిక్కు ప్రశ్న.

చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం, వేడి మీద స్టార్ట్ కాకపోవడం రెండూ వేర్వేరు జబ్బులు. వేడి మీద మొరాయించే మిషను ముందు కూర్చున్నప్పుడు పానా కన్నా ముందు చూడవలసింది గడియారం. ఆపిన ఎన్ని నిమిషాలకు మొండికేసింది, ఎన్ని నిమిషాలకు దారికొచ్చింది? ఈ రెండూ తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. మిగతా సగం ప్లగ్గు చెబుతుంది.

కొత్తదైతే అనుమానాలు తక్కువ

పెట్రోలు ఇంజిన్ రగలడానికి నాలుగు కావాలి. ఆవిరైన పెట్రోలు, దానికి తగినంత గాలి, ఆ మిశ్రమాన్ని బిగించి నొక్కే కంప్రెషన్, సరిగ్గా వేళకు పడే నిప్పురవ్వ. పాత మిషన్‌లో ఈ నాలుగూ అనుమానించదగ్గవే. రింగులు అరిగి ఉంటాయి, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో, అంటే జెట్టులో, జిగురు కట్టి ఉంటుంది, ప్లగ్గు మసి పట్టి ఉంటుంది. కొత్తదానికి అరుగుదల లేదు కాబట్టి జాబితా కుదించుకుపోతుంది. మిగిలేవి బిగింపులో లోపాలు, నూనె పోయడంలో పొరపాట్లు, పెట్రోలు గుణం, వాడే తీరు. వీటన్నిటినీ బయటపెట్టేది వేడి.

బిగింపు లోపాల్లో ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే అది విప్పదీయకుండానే కనిపిస్తుంది. నడిపేటప్పుడు హ్యాండిల్‌తో పాటు కలిపి పట్టుకునే సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని వదిలితే ఇంజిన్ ఆగిపోవాలి, బ్లేడు నిలిచిపోవాలి. అమెరికాలో 1982 నుంచి చేత్తో నెట్టే మిషన్లకు ఇది నిబంధన, కడ్డీ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగి తీరాలి. ప్రపంచమంతా ఆ తరహా మిషన్లే వ్యాపించాయి. కడ్డీ నుంచి సన్నటి కేబుల్ ఇంజిన్ దాకా వెళ్లి అక్కడ బ్రేకును వదిలిస్తుంది, నిప్పురవ్వకు అడ్డుపడే స్విచ్చును కూడా తెరుస్తుంది. డబ్బాలో మడతపెట్టి వచ్చిన హ్యాండిల్‌ను ఇంట్లో బిగించేటప్పుడు కేబుల్ మెలిపడినా, వదులైనా ఆ స్విచ్చు అరకొరగా తెరుచుకుంటుంది. తాడు బరువుగా ఉండి, ప్లగ్గులో కరెంటు లేకపోతే ముందు ఈ కేబుల్ చివర ఎంత కదులుతోందో చూడండి. కొత్త మిషను రాగానే కార్బొరేటర్ విప్పేసేవాళ్లను చూస్తే నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఆపాకే అసలు వేడి

ఈ చిన్న ఇంజిన్లకు నీళ్ల రేడియేటర్ ఉండదు. తాడు చుట్టుకునే డిప్ప కింద ఫ్లైవీల్ ఉంటుంది, దాని రెక్కలే ఫ్యాన్. ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్ల వేగంతో తిరుగుతున్నంతసేపూ ఆ ఫ్యాన్ పైనుంచి గాలి లాగి సిలిండర్ చుట్టూ ఉన్న పలకల మీదికి కొడుతుంది. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ కూడా ఆగుతుంది. కానీ సిలిండర్ తల 150 డిగ్రీల పైచిలుకు వేడితో ఉంది. ఆ వేడి ఇక ఎటు పోవాలి? పొయ్యి ఆర్పిన తర్వాత కూడా కుక్కర్ ఇంకో విజిల్ వేస్తుంది చూడండి, అలా ఇంజిన్‌లో దాచుకున్న వేడి పక్కనున్న భాగాల్లోకి పాకుతుంది. ఆ పక్కనే, రెండు బోల్టుల దూరంలో, కార్బొరేటర్ వేలాడుతూ ఉంటుంది.

కార్బొరేటర్ అడుగున చిన్న గిన్నె, అందులో కొద్దిగా పెట్రోలు, పైన తేలే ఫ్లోట్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ట్యాంకు నుంచి చల్లటి పెట్రోలు వస్తూ ఉంటుంది, ఆవిరవుతున్న పెట్రోలు కూడా తన చుట్టూ ఉన్న లోహాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి నడుస్తున్న మిషన్‌లో కార్బొరేటర్ చేతికి గోరువెచ్చగానే తగులుతుంది. ఆపిన తర్వాత ఈ రెండు చల్లదనాలూ పోతాయి. కొద్ది నిమిషాల్లోనే గిన్నె వేడెక్కిపోతుంది.

పెట్రోలు నీళ్ల మాదిరిగా ఒక్క వేడి దగ్గర మరిగే ద్రవం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు అది. తేలిక రకాలు 35, 40 డిగ్రీలకే ఆవిరవడం మొదలుపెడతాయి, బరువైనవి 200 దగ్గర గానీ లేవవు. మే నెలలో మధ్యాహ్నం ఉప్పల్ ఎండ 40 దాటి ఉంటుంది. అంటే గిన్నెలో పెట్రోలు మరగడానికి ఇంజిన్ వేడి పెద్దగా కష్టపడనక్కర్లేదు.

మరిగితే రెండు రకాల గొడవలు వస్తాయి. ఒకటి, బుడగలు కింది నుంచి తోసుకొచ్చి పెట్రోలును జెట్టు గుండా పైకి ఎగదోస్తాయి. ఎవరూ తాడు గుంజకుండానే ఇంజిన్ గొంతులో పెట్రోలు కారి తడిసిపోతుంది, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నిండా ఆవిరి నిలుస్తుంది. తొలి గుంజుకు లోపలికి వెళ్లేది గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అయిన ముద్ద మిశ్రమం. అది అంటుకోదు. రెండోది దీనికి వ్యతిరేకం. గిన్నెలోది ఎక్కువ భాగం ఎగిరిపోయి, వచ్చే దారిలో ఆవిరి బుడగ అడ్డుపడి, జెట్టుకు ద్రవమే అందదు. అప్పుడు ఎంత గుంజినా ఉత్త గాలే.

ఆపిన వెంటనే, నిమిషం రెండు నిమిషాల్లో గుంజితే స్టార్ట్ అవుతోంది, ఐదు నుంచి పదిహేను నిమిషాల మధ్య మాత్రం కావడం లేదు, అరగంట దాటితే మళ్లీ మామూలే. ఈ వరస కనిపిస్తే అది గిన్నె మరగడమే. వేడి కార్బొరేటర్ దాకా పాకడానికి కొంత సమయం, అది చల్లారడానికి కొంత సమయం. మిషన్‌లో లోపం ఏమీ లేకపోయినా ఇలా జరగవచ్చు. తయారు చేసినవాళ్లు కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య వేడి పాకని ప్లాస్టిక్ దిమ్మ పెడతారు గానీ దానికీ ఒక హద్దు ఉంటుంది.

ఆ హద్దు తొందరగా దాటడానికి సాధారణంగా మనమే సాయం చేస్తాం. ఎండు గడ్డి పొట్టు లేచి తాడు డిప్ప మీద ఉన్న జల్లెడకు అతుక్కుంటుంది. ఫ్యాన్ గాలి పీల్చుకునే దారి అదొక్కటే. కొత్త మిషనైనా రెండు కోతలకే ఆ జల్లెడ పచ్చగా పూడిపోతుంది. దాన్ని బ్రష్షుతో దులపడం, ఆపే ముందు గడ్డి లేని చోట ఓ నిమిషం ఉత్తగా నడిపి ఫ్యాన్‌తో చల్లబరచడం, ఆపాక ఎండలో వదలకుండా నీడకు లాగడం, ఇంతే చికిత్స. చాలామంది వేడి మిషన్‌ను ఎండలోనే వదిలేసి తాము నీడకు పోతారు.

చోక్ ఎప్పుడు, ఎందుకు

స్టార్ట్ కాకపోతే చెయ్యి ముందు చోక్ మీదికి వెళ్తుంది. పాత స్కూటర్లు నడిపిన తరానికి ఇది రక్తంలో కలిసిపోయింది. చలి పొద్దున బండిని ఒక పక్కకు వంచి, చోక్ లాగి కిక్కు కొట్టిన చేతులు కదా.

చోక్ చేసేది గాలి దారిని మూయడం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులో తేలిక భాగం మాత్రమే ఆవిరవుతుంది, మిగతాది తడిగా గోడలకు అంటుకుని ఉండిపోతుంది. ఆ కొద్ది ఆవిరితోనే అంటుకోవాలంటే పెట్రోలు ఎక్కువ పంపాలి, గాలి తగ్గించాలి. వేడి ఇంజిన్‌లో వచ్చిన ప్రతి చుక్కా ఆవిరవుతుంది. అక్కడ చోక్ వేస్తే అసలే ముద్దగా ఉన్న మిశ్రమానికి ఇంకాస్త పెట్రోలు కలిపినట్టు. ప్లగ్గు కొన తడుస్తుంది, తడిసిన కొన మీదుగా కరెంటు జారిపోతుంది, రవ్వ దూకదు. 'ఓవర్ అయింది అన్నా, గట్లనే గుంజుతుంటే ఇంకా తడుస్తది' అని మెకానిక్ అనేది ఈ స్థితినే.

ఈ మధ్య వస్తున్న మిషన్లలో చోక్ మీట కనిపించదు, అదే వేసుకుని అదే తీసుకుంటుంది. కొన్నిటిలో వేడికి వ్యాకోచించే మైనం గుళిక ఆ పని చేస్తుంది. ఇక్కడ తమాషా ఏమిటంటే, ఆ గుళిక చల్లారే వేగమూ ఇంజిన్ చల్లారే వేగమూ ఒకటి కావు. పావుగంట విరామంలో గుళిక చల్లబడి చోక్ సగం మూసేసి ఉంటుంది, సిలిండర్ మాత్రం ఇంకా కాలుతూ ఉంటుంది. మీట లేని మిషన్ కాబట్టి మనం తెరవలేం. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూస్తే ఆ రేకు మూసి ఉందో తెరిచి ఉందో కనిపిస్తుంది. వేడి ఇంజిన్‌లో అది పూర్తిగా మూసి కనిపిస్తే సర్వీసు వాళ్లకు ఆ ఒక్క మాట చెప్పినా చాలు.

┃ ప్లగ్గు ఏం చెబుతుంది
┃ మొండికేసిన క్షణంలోనే, వేడి మీదే ప్లగ్గు విప్పి కొన చూడాలి. గుడ్డతో పట్టుకోండి, కాలుతుంది.
┃ *తడిగా, వాసనతో ఉంటే:* పెట్రోలు ఎక్కువైంది. చోక్ పూర్తిగా తీసి, ప్లగ్గు తుడిచి ఆరబెట్టి, ప్లగ్గు లేకుండానే నాలుగైదు సార్లు తాడు గుంజి లోపలి తడి బయటికి పోనివ్వాలి. ఆ సమయంలో ప్లగ్గు తీగ మూత ఇంజిన్‌కు దూరంగా ఉండాలి. ఐదు నిమిషాలు ఆగి బిగించాలి.
┃ *ఎండిపోయి ఉంటే:* పెట్రోలు అందడం లేదు. ట్యాంకు మూత, పెట్రోలు దారి చూడాలి. రబ్బరు బుడ్డ ఉన్న మిషనైతే నాలుగుసార్లు నొక్కితే ట్యాంకులోని చల్లటి పెట్రోలు లోపలికి వస్తుంది.
┃ *నల్లగా, జిడ్డుగా ఉంటే:* ఇంజిన్ ఆయిల్ పైకి వచ్చింది. గీటు దాటి పోసి ఉంటారు, లేదా మిషన్‌ను తప్పు వైపుకు పడుకోబెట్టి ఉంటారు.

ఆయిల్ గురించి చిన్న మాట. కొత్త ఫోర్ స్ట్రోక్ మిషన్లు సాధారణంగా ఆయిల్ లేకుండానే వస్తాయి, మనమే పోయాలి. కొత్తది కదా అని గీటు మీద ఇంకాస్త పోయడం మన ఉదారత. ఎక్కువైన ఆయిల్ ఊపిరి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది, కాగితం ఫిల్టర్ నూనెలో నానిపోతుంది, గాలి ఆడదు. కింద శుభ్రం చేయడానికి వంచేటప్పుడు కార్బొరేటర్, ఫిల్టర్ ఉన్న వైపు ఎప్పుడూ పైకే ఉండాలి.

ట్యాంకు మూత వదులు చేయండి

నడుస్తూ నడుస్తూ, పావుగంటకో ఇరవై నిమిషాలకో దగ్గి దగ్గి ఆగిపోతోందా? ట్యాంకు మూతలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దుమ్ముతోనో, అచ్చుపోతలో మిగిలిన ప్లాస్టిక్ పొరతోనో అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం పెరిగి పెట్రోలును పట్టేస్తుంది. మూత కొంచెం తిప్పగానే 'సుయ్'మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష, అందుకే అన్నిటికన్నా ముందు చేయాలి.

ఉప్పల్ గాలి, బంకు పెట్రోలు

మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకులకు రావడం మొదలై, 2025 కల్లా దాదాపు అంతటా అదే అయింది. చాలా చిన్న ఇంజిన్ల మాన్యువళ్లలో 10 శాతం ఇథనాల్ వరకే పరవాలేదని రాసి ఉంటుంది. కొత్త కారుకు పెద్ద చిక్కు లేదు. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలును సర్దుతుంది. గడ్డి మిషన్‌కు అలాంటి బుర్ర లేదు. ఫ్యాక్టరీలో వేసిన జెట్టు రంధ్రం ఎంతో పెట్రోలు అంతే.

మామూలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, దానిలో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి. 20 శాతం కలిపినదానికి సుమారు 13.5 కిలోలు. మామూలు పెట్రోలుకు సరిపోయేలా వేసిన జెట్టులో దీన్ని పోస్తే మిశ్రమం దాదాపు 8 శాతం పలచన అవుతుంది, అంటే పెట్రోలు చాలదు.

ఇక్కడ ఉప్పల్ గాలి అడ్డం తిరుగుతుంది, అదీ మన మంచికే. ఈ ప్రాంతం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తుకు గాలి ఓ 5 శాతం పలచబడుతుంది. ఎండ 42 డిగ్రీలైతే, 15 డిగ్రీల చల్లని గాలితో పోల్చినప్పుడు ఇంకో 8, 9 శాతం పలచన. రెండూ కలిస్తే సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువులో ఎనిమిదో వంతు తగ్గినట్టు. అయితే కార్బొరేటర్‌లో గాలి పలచబడినంతగా పెట్రోలు తగ్గదు, దాదాపు సగం మేరకే తగ్గుతుంది. ఫలితంగా మిశ్రమం 6, 7 శాతం ముద్దవుతుంది. అటు ఇథనాల్ పలచన చేసింది, ఇటు ఎండా ఎత్తూ ముద్ద చేశాయి. మే మధ్యాహ్నం నాచారంలో లెక్క దాదాపు సరిపోతుంది!

డిసెంబరు తెల్లవారుజామున లెక్క తప్పుతుంది. ఎండ సాయం ఉండదు, ఎత్తు ఇచ్చే రెండు శాతమే మిగులుతుంది, మిశ్రమం పలచబడుతుంది. పైగా ఇథనాల్ ఆవిరవ్వాలంటే పెట్రోలుకు పట్టే వేడికి రెండు రెట్లకు పైగా కావాలి. అందుకే ఇదే మిషను చలికాలంలో తొలి గుంజుకు మొరాయిస్తుంది. అప్పుడు చోక్ నిజంగా అవసరం. పాత మిషన్లకు మిశ్రమం సర్దే స్క్రూ ఉండేది. అమెరికాలో 1997 మోడళ్ల నుంచి చిన్న ఇంజిన్లకూ పొగ నిబంధనలు వచ్చాక తయారీదార్లు మిశ్రమాన్ని పలచన చేసి, ఆ స్క్రూను మూసేశారు. పొగ తగ్గింది, ఓర్పు కూడా తగ్గింది.

మరగడం విషయానికి వస్తే ఇథనాల్ చెడ్డపేరు సగం నిజం. తక్కువ మోతాదులో కలిపినప్పుడు అది పెట్రోలు ఆవిరి ఒత్తిడిని పెంచుతుంది. 10 శాతం దగ్గర ఆ పెరుగుదల ఎక్కువ, 20 దగ్గర కాస్త దిగుతుంది. కాబట్టి వేడి మీద మొరాయింపు మొత్తాన్నీ ఇథనాల్ నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

దాని అసలు తగువు వానాకాలంలో. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సీసాల్లో బంకువాళ్లు పెట్రోలు పోయరు కాబట్టి మాలి ఏ పాత బైకు ట్యాంకు నుంచో పైపు పెట్టి లాగుతాడు, అది మూత వదులు డబ్బాలో నెలల తరబడి షెడ్డులో ఉంటుంది. తేమ హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. జెట్టు పీల్చేది అడుగు నుంచే. అనుమానముంటే కొంచెం పెట్రోలు గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచండి, అడుగున వేరే పొర కనిపిస్తే ఆ డబ్బా మొత్తం పనికిరాదు. నెలకు సరిపడానే, మూత బిగిసే లోహపు డబ్బాలో తెచ్చుకోవడం మేలు.

వేడెక్కితే నోరు మూసే కాయిల్

ఈ మిషన్‌కు బ్యాటరీ ఉండదు, అయినా ప్లగ్గులో పది వేల వోల్టులకు పైగా కరెంటు పుడుతుంది. ఫ్లైవీల్ అంచున అయస్కాంతం పొదిగి ఉంటుంది, దాని పక్కన పావు మిల్లీమీటరు సందుతో కాయిల్ నిలబడి ఉంటుంది. అయస్కాంతం దూసుకుపోయినప్పుడల్లా కాయిల్‌లో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఎంత వేగంగా దాటితే అంత వోల్టేజి. అలిసిపోయిన చెయ్యి నెమ్మదిగా గుంజితే రవ్వ కూడా బలహీనపడుతుందన్న మాట. ఇరవయ్యో గుంజు మొదటి గుంజంత మంచిది కాదు.

కాయిల్‌లో వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. రాగి వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. 60 డిగ్రీలు వేడెక్కితే పావు వంతు దాకా. మంచి కాయిల్ దీన్ని తట్టుకుంటుంది. చుట్టేటప్పుడు ఎక్కడో తీగ మీది పూత చిట్లిన కాయిల్‌లో మాత్రం వేడికి తీగలు ఉబ్బి ఒకదానికొకటి తగులుకుంటాయి, రవ్వ పోతుంది. చల్లారితే తీగలు మళ్లీ ఎడమవుతాయి, రవ్వ వస్తుంది.

గడియారం మళ్లీ ఇక్కడ అక్కరకొస్తుంది. కాయిల్ లోపమైతే మిషను దగ్గుతూ ఆగదు, స్విచ్చు తీసినట్టు టక్కున ఆగుతుంది. ఆపిన వెంటనే గుంజినా స్టార్ట్ కాదు. పావుగంటకు కూడా దారికి రాదు, పూర్తిగా చల్లారాలి. పెట్రోలు మరగడానికీ దీనికీ తేడా అదే.

రవ్వను చూడాలంటే ప్లగ్గును తీగ మూతలో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్ బాడీకి ఆనించి తాడు గుంజాలి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా, కారిన పెట్రోలు తుడిచాక మాత్రమే. తడిసిన ఇంజిన్ మీద ఈ పరీక్ష చేస్తే మంట లేచే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు వదిలేసి షాపులో చేయించండి.

వాల్వు సందు

తాడు మరీ తేలిగ్గా వస్తోందనిపిస్తే కంప్రెషన్‌ను అనుమానించాలి. వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య సుమారు 0.1 మిల్లీమీటరు సందు వదులుతారు. పది సెంటీమీటర్ల ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే 0.12 మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. సందు ఎంతో పెరుగుదల కూడా ఇంచుమించు అంతే. కొత్త ఇంజిన్‌లో తొలి గంటల్లో వాల్వు తన పీటలో ఇంకా కాస్త లోపలికి కూర్చుంటుంది, సందు మరింత తగ్గుతుంది. వేడి మీద సందు సున్నా అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. చల్లారితే అంతా బాగే. కొత్త బైకుకు తొలి సర్వీసులో ట్యాపెట్ సెట్టింగు చేస్తారు కదా, అదే పని దీనికీ కావాలి. గడ్డి మిషన్‌కు తొలి సర్వీసు చేయించినవాళ్లు మాత్రం నాకు అరుదుగా తగిలారు.

రాయి తగిలిందా?

1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ తయారుచేసిన తొలి గడ్డి మిషను, మిల్లుల్లో ఉన్ని గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి చేసినది. గుండ్రటి చట్రం మీద మెలితిరిగిన బ్లేడ్లు తిరుగుతూ కత్తెరలా కోస్తాయి. ఉప్పల్ స్టేడియం వంటి క్రికెట్ మైదానాల్లో పిచ్ మీద ఇప్పటికీ వాడేది ఆ జాతి మిషన్లే. ఇళ్లలో వాడేది వేరు. దాని బ్లేడు నేరుగా ఇంజిన్ ఇరుసుకే బిగించి ఉంటుంది, ఫ్లైవీల్ పనిలో సగం అదే చేస్తుంది. అందుకే బ్లేడు బోల్టు వదులైనా, కింద తడి గడ్డి ముద్ద కట్టినా తాడు వెనక్కి తన్నుతుంది, ఇంజిన్ అందుకోదు.

250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద కట్టిన ఊరు మనది. కొత్త లేఅవుట్ లాన్‌లో మట్టి కింద బండ ముక్క ఎక్కడో ఒకటి ఉంటుంది. బ్లేడు దానికి తగిలినప్పుడు ఇరుసు విరిగిపోకుండా, ఫ్లైవీల్‌కూ ఇరుసుకూ మధ్య ఉన్న మెత్తటి లోహపు చీలిక ముక్క కోసుకుపోతుంది. ఫ్లైవీల్ కొద్దిగా పక్కకు జరిగితే అయస్కాంతం తప్పు వేళకు కాయిల్‌ను దాటుతుంది. రవ్వ ఉంటుంది, పెట్రోలు ఉంటుంది, వేళ తప్పింది. మొరాయింపు మొదలవడానికి ముందు 'ఠంగు'మన్న శబ్దం విన్నారా అన్నది మాలిని అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఒకటి. తిడతారన్న భయంతో ఆ సంగతి దాస్తారు కాబట్టి మెత్తగా అడగాలి.

┃ చెయ్యి పెట్టే ముందు
┃ బ్లేడును ముట్టుకునే ముందు ప్లగ్గు తీగ మూత లాగి దూరంగా కట్టేయాలి. వేడి ఇంజిన్‌లో బ్లేడును చేత్తో కొద్దిగా తిప్పినా రగిలే అవకాశం ఉంది.
┃ వేడి మీద ట్యాంకులో పెట్రోలు పోయకూడదు, చల్లారనివ్వాలి.
┃ కార్బొరేటర్ నోట్లో పెట్రోలు చుక్కలు వేసి గుంజడం మెకానిక్కుల్లో ఉన్న అలవాటే. వెనక్కి మంట కొడితే ముఖం అక్కడే ఉంటుంది. చేయకండి.

షాపు దాకా వెళ్లేసరికి

జల్లెడ దులపడం, మూత చూడటం, చోక్ మానడం, పెట్రోలు మార్చడం, కేబుల్ సరిచేయడం ఇంట్లో పనులు. కాయిల్, వాల్వు సందు, చీలిక ముక్క వారంటీ ఉన్నప్పుడు మనం విప్పకూడనివి. విప్పితే వారంటీ పోతుంది.

ఇక్కడే ఒక ఇబ్బంది. నాచారంలో మొండికేసిన మిషన్‌ను ఆటోలో వేసుకుని హబ్సిగూడ చౌరస్తా, ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటించి షాపులో దింపేసరికి అది పూర్తిగా చల్లారి ఉంటుంది. మెకానిక్ ఒక్క గుంజు గుంజుతాడు, స్టార్ట్ అవుతుంది. 'ఏం లేదు సార్, మంచిగనే ఉంది' అంటాడు. ఆయన తప్పు కూడా లేదు. కాబట్టి మొండికేసినప్పుడే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ప్లగ్గు తడిగా ఉందో పొడిగా ఉందో, ఎన్ని నిమిషాలు నడిచాక ఆగిందో, దగ్గుతూ ఆగిందో టక్కున ఆగిందో, ఎన్ని నిమిషాలకు మళ్లీ అందుకుందో కాగితం మీద రాసి ఇవ్వండి. షాపులో అరగంట నడిపించి, ఆపి, పది నిమిషాలకు మీ ముందే మళ్లీ తాడు గుంజమనండి. కాయిల్ మీద అనుమానముంటే వేడి గాలి కొట్టే గన్నుతో కాయిల్ ఒక్కదాన్నే వేడిచేసి రవ్వ చూడమని అడగండి. ఇంజిన్ చల్లగా ఉండి కాయిల్ మాత్రం వేడెక్కినప్పుడు రవ్వ పోతే, మార్చవలసింది కాయిలే.